అండాలమ్మ దండకు ఆన్‌లైన్ గ్రేడు

సకల జనుల సమ్మె మొదలైన మూడో రోజున మా ఆయన మహేందర్‌కు నాణేల మీద ప్రేమ పుట్టింది. ఆయన ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఆఫీసుకు తాళం పడింది, బస్సులు ఆగిపోయాయి. పొద్దున ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నినాదాలిచ్చి, పన్నెండుకల్లా ఇంటికొచ్చి అన్నం తిన్నాక, తెలంగాణ కోసం ఇంకేం చెయ్యాలో ఆయనకు తోచేది కాదు. కరెంటున్న గంటల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. సమ్మె అందరిదీ అన్నారు గానీ మా వంటింటికి ఆ కబురు అందలేదు కాబట్టి, తోచకపోవడమంటే ఎట్లా ఉంటుందో నేను చెప్పలేను.

ఫేస్‌బుక్‌లో 'దక్కన్ నాణేల మిత్రులు' అని ఒక గ్రూపు ఉంది. దానికి పెద్ద శ్రీరామమూర్తి గారు. ముప్పై ఏళ్ల కింద గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ లెక్చరర్. గ్రూపుకు తోడు ఒక వెబ్‌సైటు కూడా నడుపుతున్నారు. నాణెం రెండు వైపులా ఫోటో తీసి, బరువూ సంవత్సరమూ రాసి ఎక్కిస్తే, తెలిసినవాళ్లు చూసి గ్రేడు ఇస్తారు. మహేందర్ అల్మారాలో మూలుగుతున్న చిల్లరంతా ఎక్కించాడు. ఐదు పైసల బిళ్లను తూయించడానికి బంగారం కొట్టుకు పోయిన మొదటి మనిషి బహుశా ఆయనే. మా పెళ్లి ఏ సంవత్సరంలో అయిందంటే తడుముకునే మనిషి, తేదీ కింద నక్షత్రం గుర్తుంటే హైదరాబాద్ టంకశాలలో అచ్చయినట్టని నిద్రలో లేపినా చెప్పేవాడు.

నాణేల గురించి మాట్లాడటానికి పెట్టుకున్న ఆ గ్రూపులో నాణేల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నిజాం రూపాయిని ఎక్కించేటప్పుడు 'ప్రాంతం' అనే గడి నింపాలి. సగం మంది 'తెలంగాణ' అని రాసేవారు. తెల్లారేసరికి మిగతా సగం వచ్చి దాన్ని చెరిపి 'ఆంధ్రప్రదేశ్' అని పెట్టేవారు. నిజాం కాలానికి ఆ రాష్ట్రమే లేదు కదండీ అని శ్రీరామమూర్తి గారు 'హైదరాబాద్ సంస్థానం' అని రాస్తే ఇరువైపుల వాళ్లూ కలిసి ఆయన్నే తిట్టారు. ఉద్యమంలో ఇరు ప్రాంతాలు ఏకమైన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

దసరా ముందర గ్రూపులో పోటీ పెట్టారు. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయలకు మాత్రమే. కొత్తపేటలో ఉండే మురళీకృష్ణ అనే విజయవాడ ఆయన ఏడు రూపాయలు ఎక్కించి మొదటి స్థానంలో కూర్చున్నాడు. అది చూసిన రోజు మహేందర్ అన్నం సరిగ్గా తినలేదు.

"మన చార్మినారు, మన నిజాం రూపాయి. బెజవాడాయనకు ఫస్టొచ్చుడేంది?" అన్నాడు.

"నిజామును తిట్టుడు ఎప్పుడు బంజేసినవ్?" అని అడిగాను. ఆయన కళ్లు అప్పటికే బాపమ్మ గది వైపు తిరిగాయి.

బాపమ్మ అంటే ఆయన నాయనమ్మ అండాలమ్మ. ఎనభై అయిదేళ్లు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో దానిలో వెలుతురు మాత్రం తెలుస్తుంది. ఆమె దగ్గర ఎనిమిది హాలీ రూపాయల దండ ఉంది. హాలీ అంటే చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి సిక్కా. నల్గొండ పల్లెలో కూలి చేసుకుంటూ పదిహేనేళ్లలో ఒక్కొక్కటిగా కూడబెట్టింది. రూపాయి దొరికినప్పుడల్లా ఆ ఊళ్లో ఉన్న అవుసులాయనతో, అంటే కంసాలితో, దాని అంచుకు కొండి అతికించి తాడుకు ఎక్కించుకునేది. అందుకే ఏ రెండు కొండీలూ ఒక్క తీరుగా ఉండేవి కావు. ఒకటి ఇత్తడిది, ఒకటి మెలి తిప్పిన వెండి తీగ, ఒకదానికి టంకం శనగ గింజంత ముద్ద కట్టి ఉండేది. రోజూ మాపటివేళ దండ ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమేది. "ఇది మా అవ్వ ఇచ్చింది. ఇది పత్తి ఏరిన ఏడుది. ఇది మీ మామ పుట్టినప్పుడు మీ తాత తెచ్చింది," అని నాకు చెప్పేది. చెప్పిందే చెప్పేది. కూర తరుగుతూ వినేదాన్ని. ఏడాదికి ఒక్కరోజు, సద్దుల బతుకమ్మ నాడు, మెడలో వేసుకునేది.

"నాలుగు ఫోటోలు దింపి ఇస్త బాపమ్మా," అన్నాడు మహేందర్.

"జర పైలం బిడ్డా. తాడు పాతది," అని ఇచ్చింది.

ఫోటోలు ఎక్కించిన గంటకే శ్రీరామమూర్తి గారు ఫోన్ చేశారు. "బాగున్నాయండీ మహేందర్ గారూ, మంచి సరుకే. కానీ కొండీలున్నాయి కదా, అవి ఆభరణం కిందికి వస్తాయి. నాణేల పోటీలోకి తీసుకోలేమండీ."

ఆయన అన్నది అంతే. తీయించమని ఎవరూ చెప్పలేదు. ఆ తెలివి పూర్తిగా మా ఇంటిదే. బస్సుల్లేని నగరంలో మహేందర్ దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచిపోయి, ఒక అవుసులాయన దుకాణంలో ఎనిమిది కొండీలూ తీయించాడు. గరుకు లేకుండా ఆకురాయితో రుద్దించి, మెరుగు కూడా పెట్టించాడు. తెలంగాణ కోసం ఆయన అంత దూరం నడిచిన రోజు నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చి బల్ల మీద పోశాడు. ఎనిమిదీ కొత్త స్టీలు పళ్లేల్లా తళతళలాడుతున్నాయి.

"ఏమయ్యా, కొండీలేవి?" అన్నాను.

"ఆయన కరగబోసిండు. ఏం జేసుకుంటం వాటిని."

నాకు ఒళ్లు మండింది. "సద్దుల బతుకమ్మకు నాలుగొద్దులే ఉన్నది. ముసలామెకు ఏం జెప్తవ్?"

"అప్పటికి మళ్ల పెట్టిస్త. ముందుగాల ఎక్కియ్యనీ."

ఎక్కించాడు. ఈసారి గ్రేడు వచ్చింది. 'కొండి తొలగించిన మచ్చలు ఉన్నవి. మెరుగు పెట్టబడినది. దెబ్బతిన్న నాణెం.' ఎనిమిదింటికీ అదే మాట. ఆభరణం కాకుండా పోయాయి, నాణేలూ కాకుండా పోయాయి. వాటిని తిరిగి మునుపటిలా చెయ్యడమెట్లా అని మహేందర్ గ్రూపులో అడిగాడు. నలభై మూడు జవాబులొచ్చాయి. అందులో నలభై, ఆయన 'ప్రాంతం' గడిలో తెలంగాణ అని రాసినందుకు. రెండు, ఆ నలభైని తిడుతూ. మిగిలిన ఒక్కటీ శ్రీరామమూర్తి గారిది. "చెయ్యలేమండీ. అయ్యో, ఒక్క మాట నన్ను అడగాల్సిందండీ."

సద్దుల బతుకమ్మ నాటికి మహేందర్ కొత్త కొండీలు పెట్టించుకొచ్చాడు. ఎనిమిదీ రెడీమేడువి, ఒకే సైజు. ఎర్ర పట్టు తాడు కూడా కొన్నాడు. పాతదానికంటే వెయ్యి రెట్లు అందంగా ఉంది. చూసేవాళ్లకు.

బాపమ్మ అప్పటికే తలంటుకుని, జరీ చీర కట్టుకుని మంచం మీద కూర్చుంది. వాకిట్లో నేను పేర్చిన బతుకమ్మ సిద్ధంగా ఉంది. మహేందర్ దండ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మెడకు ఎత్తబోయి ఆగి ఒళ్లో పెట్టుకుంది. మొదటి బిళ్లను తడిమింది. రెండోది. మళ్లీ మొదటిది. అట్లా ఎనిమిదీ రెండుసార్లు చూసింది.

"ఇయ్యి నాయి కావు," అంది.

నీవే బాపమ్మా, తోమించినం అందామని నోరు తెరిచాను. గల్లీలో నా నోటికి జడవని వాళ్లు లేరు, ఆ పూట మాత్రం ఆమె జరీ చీర కుచ్చిళ్లు సర్దుతూ కూర్చున్నాను. మహేందర్ గోడ వైపు చూస్తున్నాడు.

బాపమ్మకు కోపం రాలేదు. అదే పెద్ద శిక్ష అయింది. "అవుసులాయన దగ్గర ఏసినవా? ఆడ మారినట్టున్నయ్," అంది నెమ్మదిగా. "గిది ఎవలో కలిగినోళ్లది. గింత నున్నగున్నది. పండుగ పూట ఆడామె ఎదురుచూస్తుంటది బిడ్డా. ఎంటనే ఇచ్చిరా, నాది తీస్కరా. అప్పటిదాంక నేను వాకిట్ల కూసుంట."

దండ ఆయన చేతిలో పెట్టి, నా భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆడవాళ్లు పాట మొదలుపెట్టారు. రా అమ్మా అని పిలిస్తే, మా మనుమడు దండ తేను పోయిండు, వచ్చినంక ఒస్త అని అందరికీ చెప్పింది. మెడ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

మహేందర్ దండ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. ఎక్కడికి పోతాడు? ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా పోయి, మూసిన దుకాణాల ముందు నిలబడి, తిరిగి వచ్చాడు. అప్పటికి బతుకమ్మలను నీళ్లలో వదలడానికి అందరూ చెరువు దారి పట్టారు. బాపమ్మా, పక్కన నేనూ మిగిలాం. అడుగుల చప్పుడుకే ఆమె తల తిప్పింది.

"ఇచ్చినవా బిడ్డా?"

"ఇచ్చిన బాపమ్మా," అన్నాడు.

ఆమె ముఖం విచ్చుకుంది. దోసిలి పట్టి ముందుకు చాపింది.

"మంచి పని జేసినవ్. మరి, నాది తే."