నా ముఖాన బొట్టు

నేను ఒక అద్దాన్ని. తల దువ్వుకుందామని నాలోకి తొంగిచూసినవాళ్లు తమకు తామే తలకిందులుగా కనబడి జడుసుకునేవారు. నేను చుక్కలు చూసే అద్దాన్ని. నగరానికి ఆవల, సీతాఫలం పొదలున్న బండరాళ్ల గుట్టమీద, పెద్ద టెలిస్కోపు అడుగున వెల్లకిలా పడుకుని బతికాను.

పరాయి దేశంలో నన్ను ఏళ్ల తరబడి అరగదీశారు. ఓడెక్కి, లారీ ఎక్కి గుట్టకు చేరితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొబ్బరికాయ కొట్టి దిష్టి తీశారు. పంచాంగకర్తలు వేళ్లమీద గ్రహణాలు లెక్కగట్టిన గడ్డ ఇది. నగరంలోని పాత వేధశాల దీపాల వెలుగుకు గుడ్డిదైపోతే, దాని పని నాకు అప్పగించారట. జంట నక్షత్రాలు, తోకచుక్కలు నా ఒళ్లో వాలేవి. చీకటిని వెతుక్కుంటూ గుట్టెక్కిన మనుషులే, వెనకాల దీపాలు కూడా పట్టుకొచ్చారు.

నా ముఖానికున్న అల్యూమినియం పూత ఊపిరంత పలచన. అది మాసిపోతే నేను వట్టి గాజును. కొత్త పూత కోసం ఇక్కడి చివరి ప్రొఫెసరు వకుళ మేడం ఎక్కని గడప లేదు. ఇక్కడా దీపాల వెలుగు వచ్చేసింది, ఇక మూసేద్దామన్న యూనివర్సిటీ పెద్దలు చివరికి మెత్తబడ్డారు. ఈ ఒక్కసారికి పూత వేయిస్తాం, దసరా వెళ్లాక కమిటీ వచ్చి చూస్తుంది, బాగుంటే సరే, లేదంటే తాళమే అన్నారు.

పండగ ముందు తళతళలాడుతూ తిరిగొచ్చాను. మేడం సంతోషం పట్టలేక, టెలిస్కోపు తిప్పే ఐలయ్యతో, "ఈసారి ఆయుధపూజ ఘనంగా చెయ్యి ఐలయ్యా" అంది.

ఏటా అతను ఇనుప గొట్టానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి ఊరుకునేవాడు. ఆ రోజు నా మీది మూత తెరిచాడు. గంధం, పసుపు, కుంకుమ నా ముఖాన దిద్దాడు. నన్నంత ప్రేమగా ఎవరూ తాకలేదు. ఆ ప్రేమే నా కొంప ముంచింది. తడి గంధం నా ముఖం నడిమికి కారుతుంటే కంగారుపడి, భుజంమీది తువ్వాలుతో ముఖమంతా తుడిచాడు. పూత చారలు చారలుగా లేచిపోయింది.

మేడం వచ్చి చూసి మెట్లమీద కూలబడింది.

"ఇన్నేండ్ల సంది ఇన్ముకే బొట్టు పెట్టిన మేడం. తల్లి మొకం గట్ల ఎల్గుతుంటే, గీ ఒక్కపారి మొకానికే పెడ్దామనుకున్న."

"ఘనంగా చెయ్యమన్నది నేనే కదా ఐలయ్యా."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఐలయ్య ఆ తిట్టు కోసం చాలాసేపు నిలబడ్డాడు.

కమిటీ వచ్చింది, టీ తాగింది, తాళం వేయించింది.

ఇప్పుడు స్టోరు గదిలో, విరిగిన కుర్చీల మధ్య గోడకు ఆనుకుని ఉన్నాను. చూడ్డానికి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. నాకింక ఆశ లేదు. మళ్లీ దసరాకు ఐలయ్య పళ్లెం పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. తన చేత్తో ఏనాడూ పూజ చెయ్యని మేడం, ఆ పళ్లెం అందుకుని లోపలికొచ్చింది. కుంకుమలో వేలు ముంచి నా ముఖాన బొట్టు పెట్టింది.

"ఇక దీనికేం కాదులే ఐలయ్యా, నువ్వూ పెట్టు" అంది.

ఐలయ్య పెట్టాడు. ఈసారి ఎవరూ తుడవలేదు.