బొమ్మ నిలిపిన పిల్ల

దెబ్బ పడుతుంటే చూస్తూ ఉండిపోయినవాడికి ఆ పాపంలో వాటా ఉంటుందా, ఉండదా? ఈ సందేహం నన్ను చాలా ఏళ్లుగా పట్టుకుని ఉంది. పురాణం చెప్పేవాళ్లు రెండు రకాలుగానూ చెబుతారు. అడ్డుపడగల చేతులున్నవాడికే ఉంటుందని ఒకరు, కళ్లున్న ప్రతివాడికీ ఉంటుందని మరొకరు. నాకు చేతులు లేవు. కన్ను మాత్రం ఒకటి ఉండేది. మొహమంతా అదే.

నేను ఒక దేవుడి గూడును. రేపల్లెలో ఒక పిండిమర వెనకాల ఇంట్లో, హాలు మూలన ఉంటాను. నా కడుపులో మంగళగిరి నరసింహస్వామి పటం, పక్కన లక్ష్మీదేవి, ముందు చిన్న ఇత్తడి ప్రమిద. రెండు పూటలా దీపం, శనివారం చక్రపొంగలి. ఇంతకుముందు మాత్రం నేను టీవీని. నలుపు తెలుపు బొమ్మల టీవీని. పక్కకు జరిగే చెక్క తలుపులు అప్పటివే.

నన్ను కూర్చిన చోట, లోపలి గాజు గొట్టాన్ని చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి బిగించారు. అందులో గాలి ఉండదట. పగిలిందంటే ముక్కలు తూటాల్లా వస్తాయని ఒకరినొకరు హెచ్చరించుకున్నారు. అంత కోపాన్ని కడుపులో పెట్టుకుని నేను పిల్లలకు బొమ్మలు చూపించడానికి బయలుదేరాను.

పానకాలు, శేషగిరి అన్నదమ్ములు. మర మీద వచ్చిన డబ్బుతో ఇద్దరూ కలిసి నన్ను తెచ్చారు. పానకాలు భార్య భ్రమరాంబ నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆదివారం పొద్దున దేవుడి సీరియల్ వచ్చే వేళకు వీధివీధంతా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేది. హారతి ఇచ్చేవాళ్లు. అది నాకు ఇస్తున్నారా, నాలో ఆడుతున్న దేవుడికా అని అప్పుడే అనుమానం వచ్చేది. ఎవరికి ఇచ్చినా వేడి మాత్రం నాకే తగిలేది.

దేవుడి సీరియల్ అయ్యాక పెద్దవాళ్లు లేచిపోయేవాళ్లు. పిల్లలు కదిలేవాళ్లు కాదు. తర్వాత వచ్చేది వాళ్ల కార్యక్రమం. తోక పోగొట్టుకున్న ఒక కోతి, ముసలి మేక తొక్కే రిక్షా ఎక్కి, తోక వెతుక్కుంటూ ఊరూరా తిరిగే బొమ్మల కథ. అంతా హిందీలో వచ్చేది. ఆ ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. అయినా పిల్లలు నవ్వవలసిన చోట నవ్వేవాళ్లు, ఏడవవలసిన చోట ముక్కులు ఎగబీల్చేవాళ్లు.

ఆ ఏడే అన్నదమ్ములు విడిపోయారు. మర లెక్కల దగ్గర మొదలైన మాట చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లింది. పెద్దమనుషులు వచ్చి ఇంటి మధ్యన గోడ పెట్టించారు. గిన్నెలు, మంచాలు, ఎద్దుబండి అన్నీ పంచారు. నేను పానకాలు వాటాలో హాల్లో ఉండిపోయాను. డాబా మెట్లు శేషగిరి వైపు పడ్డాయి. మెట్లు ఎవరివైతే డాబా మీదివన్నీ వాళ్లవే అన్నారు పెద్దమనుషులు. డాబా మీద నా యాంటెన్నా ఉంది. టీవీ, యాంటెన్నా కలిస్తేనే ఒక వస్తువు అవుతుందని అంతమంది పెద్దల్లో ఒక్కరికీ తట్టలేదు.

సముద్రం దగ్గర ఊరు. వారం తిరిగేసరికి గాలికి యాంటెన్నా పక్కకు తిరిగిపోయేది, నా మొహం నిండా ఇసక చల్లినట్టు చుక్కలు. సరిచేయమని అడగడానికి పానకాలుకు నోరు రాలేదు. అన్న వచ్చి అడిగితే తప్ప డాబా ఎక్కేది లేదన్నాడు శేషగిరి. వైరు మాత్రం కోయలేదు. కోస్తే అన్న అడగడానికి ఇంకేమీ మిగలదు కదా.

అప్పుడు శేషగిరి కూతురు హైమ పూనుకుంది. ఆదివారం తండ్రి మరలో ఉండగా డాబా ఎక్కి యాంటెన్నా గొట్టం తిప్పేది. కిందనుంచి పానకాలు కొడుకు పూర్ణ, నా పక్కనున్న కిటికీలోంచి అరిచేవాడు. ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు. చెయ్యి తీస్తే బొమ్మ పోయేది. అందుకని కథ అయ్యేదాకా ఆ పిల్ల గొట్టం పట్టుకుని ఎండలో నిలబడేది. కోతి ఏం చేస్తోందో, మేక ఏమంటోందో పూర్ణ కిటికీలోంచి చెబుతుంటే పైనుంచి నవ్వు వినిపించేది. నన్ను వెలిగించింది ఆ పిల్ల. నా వెలుగు ఎన్నడూ చూడనిదీ ఆ పిల్లే.

సంగతి తెలిసిన రోజున శేషగిరి కూతుర్ని ఈతబరికతో కొట్టాడు. బరిక విరిగితే ఇంకోటి తెప్పించి కొట్టాడు. ఇవతల పానకాలు, వాళ్ల దయ మనకెందుకురా అని పూర్ణను బెల్టు తీసుకుని వాతలు తేలేలా బాదాడు. గోడకు అటూ ఇటూ దెబ్బలు ఒకే చప్పుడుతో పడేవి. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ల చేతివాటం ఎక్కడికి పోతుంది? తర్వాతి ఆదివారం హైమ మళ్లీ ఎక్కింది. మళ్లీ దెబ్బలు తింది. మళ్లీ ఎక్కింది.

కోతికి తోక దొరికే ఆఖరి వారం వచ్చింది. పూర్ణ ముందురోజే గోడ దగ్గర చెల్లెలికి మాటిచ్చాడు. రేపు నేను పైకెక్కుతా, నువ్వు మా ఇంట్లో కూర్చుని చూడాలి అన్నాడు. పొద్దున్నే శేషగిరి వైపు మెట్ల దగ్గరికి వెళ్లాడు కూడా. హైమ అడ్డం నిలబడింది.

"నువ్వు దొరికితే మా నాన్న చంపేస్తాడు అన్నాయ్. నన్నయితే కొడతాడు, అంతేగా" అంది.

పూర్ణ తలవంచుకుని కిటికీ దగ్గరికి తిరిగివచ్చాడు.

కోతి ఒక పాతకోట తలుపు తోస్తున్నప్పుడు డాబా మీద శేషగిరి గొంతు వినిపించింది. తర్వాత దెబ్బలు. ఆ పిల్ల గొట్టాన్ని రెండు చేతులతో కావలించుకుంది. తండ్రి జుట్టు పట్టి లాగాడు. యాంటెన్నా రేకు కొస అరచేతిలో దిగి వేళ్లదాకా చీల్చింది. ఆ కేకకు పానకాలు గడియకర్ర తీసుకుని సందులోకి పరిగెత్తాడు. బిడ్డ అరిచినందుకు వెళ్లాడో, బొమ్మ చెదిరినందుకు వెళ్లాడో నాకు ఇప్పటికీ తెలియదు. మెట్లు దిగుతున్న తమ్ముణ్ణి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. శేషగిరి ఒంటిచేత్తోనే అన్న మొహం గోడకేసి కొట్టాడు. పళ్లు రాలాయి. సందులో ఆడవాళ్లు ఏడుస్తున్నారు, కుక్కలు మొరుగుతున్నాయి. పైన హైమ నెత్తుటి చేత్తో గొట్టం మళ్లీ సరిగ్గా తిప్పింది. నా జన్మలో బొమ్మ అంత తేటగా ఎప్పుడూ నిలబడలేదు.

పూర్ణ బొమ్మ చూడటంలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, దిగిపోవే చెల్లీ, నాకొద్దే అని అరుస్తున్నాడు.

శేషగిరి మా హాల్లోకి వచ్చాడు. వదిన అడ్డం వస్తే తోసేశాడు. రోటి పక్కనున్న పొత్రం ఎత్తి నా మీదికి విసిరాడు.

తూటాల్లా వస్తాయన్నారు కదా, అలాగే వచ్చాయి. పిల్లల కాళ్లకు గుచ్చుకున్నాయి, గోడలో దిగాయి. ఒక ముక్క పూర్ణ ఎడమ కంట్లో దిగింది.

అప్పుడు గానీ ఇల్లు నిశ్శబ్దం కాలేదు. అన్నదమ్ములిద్దరూ నెత్తురు కారుతూనే పిల్లవాణ్ణి ఒకే రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లారు. ఒకడు తల పట్టుకున్నాడు, ఒకడు కాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరి దారిన వాళ్లు వచ్చారు. మనుషుల్లో నాకు అర్థం కానిది ఇదే. పూర్ణ కన్ను పోయింది. హైమ చేతికి రెండు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి.

నా లోపలి సరుకు రిపేరు షాపువాడు పట్టుకుపోయాడు. ఖాళీ పెట్టెను పొయ్యిలో పెట్టమన్నాడు పానకాలు. భ్రమరాంబ వినలేదు. గాజుపెంకులన్నీ ఏరి, నన్ను తుడిచి, నరసింహస్వామిని తెచ్చి లోపల పెట్టింది. స్తంభం పగలగొట్టుకుని వచ్చిన దేవుడు, పగిలిపోయిన నాలో కాపురం ఉన్నాడు. దయతో వచ్చాడో, కోపంతో వచ్చాడో అడిగే ధైర్యం నాకు లేదు. దీపం వెలిగిస్తే ఆ నోట్లో కోరలు మెరుస్తాయి, చెయ్యి మాత్రం అభయం ఇస్తూనే ఉంటుంది.

శేషగిరి పోయినప్పుడు పానకాలు గడప దాటలేదు. కొన్నేళ్లకు పానకాలూ పోయాడు. కర్మలన్నీ ముగిసిన మరునాడు హైమ బాపట్ల నుంచి పెదనాన్న ఇంటికి వచ్చింది. పెళ్లయి, పిల్లలు ఎదిగిన మనిషి. భ్రమరాంబ ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఆ రెండు వేళ్లు నిమురుతూ కూర్చుంది.

పూర్ణ మర ఆపి లోపలికి వచ్చాడు. నా ముందు పీట వేసి, అక్కడ కూర్చో చెల్లీ అన్నాడు. ఆ పాత కార్యక్రమాన్ని ఎవరో పుణ్యాత్ములు దాచి ఇంటర్నెట్లో అందరికీ పెట్టారట. ఫోను నరసింహస్వామి పటానికి ఆనించాడు. దేవుళ్ల దగ్గర ఇదేమిటి పెద్దమ్మా అని హైమ జంకితే, వాళ్లూ చూస్తార్లే అంది భ్రమరాంబ.

"ఇది ఆఖరివారం కథ. ఆ రోజు నిన్ను చూడమన్నది" అన్నాడు పూర్ణ.

అరచెయ్యంత వెలుగు. నాలోంచి బయలుదేరి ఆమె మొహం మీద పడింది. కోతి తలుపు తోసింది. లోపల ఒక గుడ్డిపిచ్చుక ఆ తోకతో గూడు అల్లుకుని గుడ్లు పెట్టింది. కోతి చాలాసేపు చూసి, తలుపు మెల్లగా మూసి, రిక్షా ఎక్కింది. అంతే, అయిపోయింది.

హైమ వెనక్కి తిరిగింది. 

"మేకకి పెళ్లి చేశావు కదా అన్నాయ్? గుంటూరు సంబంధం అన్నావు, భోజనాల్లో అరిసెలు అన్నావు. అదెక్కడుంది?"

"నాకు హిందీ వస్తే కదే" అన్నాడు పూర్ణ. "నువ్వు పైన ఎండలో నిలబడ్డావు. ఏదో ఒకటి చెప్పాలిగా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, ఏడుస్తోందో తెలియలేదు. కాసేపటికి పీట కొంచెం పక్కకు జరిపి అన్నకు చోటిచ్చింది.

"మాటలు రాకుండా చేసి మళ్లీ పెట్టు. నువ్వు చెప్పు" అంది.