కాన్పుకు రాని మోటరు

బద్రుద్దీన్ చెడ్డోడు కాదు. గా మాట ముందుగాల్నే చెప్పాలె, లేకుంటే ఇన్నోళ్లు ఆయన మీద దుమ్మెత్తి పోస్తరు. బాన్సువాడ కాలువ కచ్చేరిల ఆయన ఫోన్ మున్షీ. కాలువకు నీళ్లొచ్చిన కొన్నేండ్లకు గట్టు పొంటి తీగ గుంజి, కచ్చేరిల ఫోన్, బోధన్ పెద్ద కచ్చేరిల మోటరు బండి పెట్టిన్రు. కంబాలకు, తీగకు, మోటరుకు పైసలెవలియ్యాలె? ఇంకెవలు, మడి దున్నెటోడే! ఎకరానికి అణా లెక్కన ఫోన్ పట్టి అని పన్ను ఏసిన్రు. వసూలుకు బద్రుద్దీన్ ఊరూరు తిరిగిండు.

"ఆపతి గడియల ఫోన్ కొడితే పెద్ద కచ్చేరి నుంచి మోటరు ఉరికొస్తది" అని చావిడిల నిలవడి చెప్పేది. హుకుంల మూడే ఆపతులు రాసున్నయి. కాలువ తెగుడు, ఊరంటుకునుడు, దొంగలు పడుడు. వాగవతలి ఊర్ల పోసవ్వ అనే ముసలామె లేచి, "కొడుకా, కాన్పు కష్టమైతే వస్తదా?" అని అడిగింది. ఆడోళ్లంత ఆయన మొఖం దిక్కే చూస్తుండ్రి. రాదంటే ఒక్క అణా రాలదు.

"ఎందుకు రాదవ్వా, ఉరికొస్తది!" అన్నడు.

గా పూట ఊరి పట్టి మొత్తం వసూలైంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. మాట ఉత్తదైతే ఏమైతదో ఎవలూ చెప్పరు.

రెండేండ్లకు, నాట్లు పడ్డంక ఒకనాడు పొద్దుగాల, పోసవ్వ కొడుకు ఆశన్న ఎడ్లబండి తెచ్చి కచ్చేరి ముంగట ఆపిండు. బండిల గడ్డి మీద ఆయన పెండ్లాం గంగమణి, పక్కన పోసవ్వ. నిన్నటి సంది నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసింది. బాన్సువాడ దవాఖానల కంపౌండరు చూసి, "కోసి తియ్యాలె, నా తోని కాదు, బోధన్ తీస్కపోండ్రి" అన్నడట. ఎడ్లబండి మీద బోధన్ పోవాలంటే పొద్దుమూకుతది.

"సాబ్, జల్ది మోటరు పిలువుండ్రి," అన్నడు ఆశన్న.

బద్రుద్దీన్ హ్యాండిల్ తిప్పిండు. అవతల పెద్ద కచ్చేరిల హరనాథబాబు అనే గుమాస్త ఎత్తిండు. సంగతంత ఇని, "కాన్పా? కాలువ తెగిందా? ఊరంటుకుందా? దొంగలు పడ్డరా? లేదు గద! మరి రిజిస్టర్ల ఏ ఖానాల రాయాలె మున్షీ? రేపు పై నుంచి అడిగితే నువ్వు చెప్తవా జవాబు?" అని పెట్టేసిండు.

ఆశన్న ఆయన కాళ్ల మీద పడ్డడు. "కాలువ తెగిందని చెప్పుండ్రి సాబ్. మీ బాంచెను. మోటరు వస్తే సాలు, ఎక్కిచ్చుకొని పోత."

"అబద్ధం చెప్తే నా నౌకరి పోతది ఆశన్నా. ఐదుగురు పిల్లలు."

అన్నడు గని, లోపట కాలు నిలవలే. కుర్చీల కూసున్నడు, లేసిండు. నీళ్లు తాగిండు. పదకొండేండ్ల నౌకరిల రిజిస్టర్ల ఒక్క ఉత్త మాట రాయలే, గదే ఆయన గొప్ప. కిటికీలకెల్లి గంగమణి కేకలు ఇనవడుతుంటే చెవులు మూసుకున్నడు. అర్ధగంట గట్లనే పోయింది. ఆ తర్వాత కేకలు సన్నవడ్డయి. గప్పుడు బద్రుద్దీన్ ఉరికి హ్యాండిల్ తిప్పిండు.

"కచ్చేరి ముంగట్నే, తూము కాడ గట్టు తెగింది బాబూ!"

"అయ్యో! ఇప్పుడే తోలుతున్న!" అన్నడు హరనాథబాబు. కాలువ మీద ఎంత ప్రేమ చూడుండ్రి!

మోటరు నిజంగనే ఉరికొచ్చింది. గంట పట్టింది, అంతే. అండ్ల ఇసుక సంచులు, పారలు, పది మంది కూలీలు, ముంగట ఇంజనీరు దొర. గంగమణి పావుగంట ముందుగాల్నే పానం ఇడిసింది. బిడ్డ కడుపుల్నే పోయింది. తను చెవులు మూసుకొని కూసున్న అర్ధగంట ఎంత పెద్దదో బద్రుద్దీన్‌కు గప్పుడు తెలిసింది.

"ఏడ తెగింది?" అని ఇంజనీరు దొర గట్టు మీద నిలవడి ఒర్రిండు. కాలువ నిమ్మళంగ పారుతుంది.

దొర బద్రుద్దీన్ దిక్కు మల్లిండు. బండి దిక్కెల్లి ఆశన్న వచ్చి నడుమ నిలవడ్డడు.

"నేనే చెప్పిన దొరా. ఉరికొచ్చి గట్టు తెగిందన్న. మున్షీ సాబ్ నా మాట నమ్మిండు, ఆయన తప్పేం లేదు."

ఒక్క మాట అంటే సరిపోతుండె, 'కాదు, నేనే' అని. బద్రుద్దీన్ నోరు తెరిసిండు. పిల్లలు యాదికొచ్చిన్రు. మళ్ల మూసిండు. థూ, ఏం బతుకు అని తనను తనే తిట్టుకున్నడు, అది గూడ లోపల్నే.

"ఎక్కియ్యుండ్రి వీన్ని! పోలీసు అమీన్ ముంగట నిలవెడ్త," అన్నడు దొర. పెండ్లాం సచ్చిందని ఆశన్న చెప్పబోతే ఇనలే. కూలీలు రెండు సంచులు కిందికి తోసి జాగ చేసిన్రు. గంగమణి కోసం పిలిసిన మోటరుల ఆశన్న కూసున్నడు. "అవ్వా, దాన్ని ఇంటికి తీస్కపో," అన్నడు. మోటరు బోధన్ తొవ్వ పట్టింది.

పోసవ్వ శాపనార్థాలు పెడ్తదని బద్రుద్దీన్ ఎదురుచూసిండు. పెట్టినా బాగుండు. ఆమె కోడలి మొఖం మీద ఈగలు తోలుకుంట చానసేపు కూసున్నది. ఎనుక ఆయన దిక్కు చూసింది.

"కొడుకా, నాకు బండి తోలరాదు. ఎండెక్కుతుంది. జర ఊరిదాంక తోలుతవా?"

కచ్చేరిల ఫోన్ మోగవట్టింది. బద్రుద్దీన్ ఏడ్చుకుంటనే ఎడ్లను కాడికి కట్టి, బండెక్కి పగ్గాలు పట్టిండు.