ఓదెలు తవ్విన గని

నేను ఒక కంప్యూటర్ మౌస్‌ని. మంచిర్యాలలో ఒక దుకాణంలో రజిత అనే అమ్మాయి నన్ను కొని, బొగ్గుగని కార్మికుల కాలనీలోని తన ఇంటికి తెచ్చింది. పగలు ఉద్యోగ పరీక్షలకు చదివేది, సాయంత్రం కంప్యూటర్‌లో ఒక ఆట ఆడేది. ఆటలో కొండ పక్కన మనుషుల్ని దింపి, వాళ్లచేత ఊరు కట్టించి, ఇనుము కోసం గని తవ్వించాలి. ఎక్కడ తవ్వాలో నన్ను నొక్కి చెప్పాలి.

రజితకు తొందర ఎక్కువ. కొండ కడుపంతా ఒకేసారి డొల్ల చేసేది. కప్పు కూలి చిట్టి మనుషులు చచ్చేవారు. ఆమె నవ్వి, మళ్లీ మొదలుపెట్టేది.

ఒకరోజు వెనుక నిలబడి చూస్తున్న ఆమె తండ్రి ఓదెలు ఉలిక్కిపడ్డాడు.

"అట్ల తవ్వకు బిడ్డా! నడుమ నడుమ పిల్లర్లు ఇడిసిపెట్టాలె. కప్పును మోసేటియి గవే."

ఓదెలు గనిలో పనిచేసినవాడే. కప్పు కూలిన రోజున కాలు విరిగి బయటపడ్డాడు. జతగాడు సదయ్య రాళ్ల కిందే ఉండిపోయాడు. ఆనాటి సంగతి ఓదెలు ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు.

"అయితే నువ్వే ఆడు బాపూ," అని రజిత నన్ను అతని చేతిలో పెట్టింది.

గరుకు చెయ్యి. పార పట్టినట్టు పట్టుకున్నాడు. ఇరుకు దారులే తవ్వించాడు, మధ్యలో లావాటి రాతి స్తంభాలు వదిలాడు, పారిపోవడానికి రెండో దారి పెట్టించాడు. ఒక చిట్టి మనిషికి సదయ్య అని పేరు పెట్టుకున్నాడు. చాలాకాలం ఎవరూ చావలేదు. ఓదెలు అన్నం తింటూ కూడా ఆ ఊరి ముచ్చట్లే చెప్పేవాడు.

ఆటలో చలికాలం వచ్చింది. ఇనుము ఇస్తేనే వర్తకులు గింజలిస్తారు. మిగిలిన ఇనుమంతా ఆ స్తంభాల్లోనే ఉంది.

"ఒక్కొక్క పిల్లర్ తవ్వి తీసుకుంట ఎనుకకు రావాలె బాపూ. మీ గనిల గూడ గట్లనే తీస్తరు గదా?"

"గట్ల తీసేటప్పుడే కూలింది."

ఓదెలు బాణం గుర్తును స్తంభం మీదికి తెచ్చాడు. వేలు నా మీదే ఉంచాడు, నొక్కలేదు. చిట్టి మనుషులు ఒక్కొక్కరే ఆకలితో పడిపోయారు. చివరికి సదయ్య మంచులో ఒరిగాడు.

"బండ కిందనైతే సావలే," అన్నాడు ఓదెలు.

"ఆ దినం ఏమైంది బాపూ?"

"కూలే ముందట కప్పు పటపట పలికింది. నువ్వు నడువు, నేనస్తున్న అన్నడు సదయ్య..."

ఓదెలు నన్ను వదిలి లేచిపోయాడు.

ఆ ఆట మళ్లీ ఎవరూ తెరవలేదు. తీగ తెగి నేను అట్టపెట్టెలో పడి ఉన్నాను. ఓదెలు ఇప్పుడు కూతురికి సదయ్య సంగతులు చెబుతుంటాడు: అతని పాటలు, అతని అన్నం డబ్బాలో పచ్చిపులుసు. ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సదయ్య ఆఖరి మాట దగ్గరే ఆగిపోతాడు. రజిత లేచి మంచినీళ్లు తెస్తుంది.