లేని కంది

కరువు సాయం అందుకునే రైతుల జాబితాను కొమరోలు దగ్గరి ఓ పల్లెలో రైతు సేవా కేంద్రం గోడకు అంటించారు. అభ్యంతరాలుంటే వారంలోగా చెప్పాలట. చదువు రాని ఓబులమ్మకు వ్యవసాయ అసిస్టెంటు మౌనిక ఆమె పేరున్న వరుస చదివి వినిపించింది.

"ఓబులమ్మ, రెండెకరాలు, కంది. బెట్టకు ఎండిపోయింది."

ఓబులమ్మ ఈ ఏడు కంది వేయనే లేదు. వాన కోసం చూసి చూసి, విత్తనాలు డబ్బాలోనే ఉండిపోయాయి. అయినా కంది అన్న మాట చెవిన పడగానే ఆమె కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. నల్లమల వైపు నుంచి చల్లగాలి వీచింది. బీడు పడ్డ చేలో కంది నడుమెత్తు లేచింది. కొమ్మకొమ్మకూ పసుపు పూలు, పూల మీద తేనెటీగలు. పక్క చేలోనూ పసుపే, ఆ పక్క చేలోనూ పసుపే. సాళ్ళ మధ్య నడుస్తుంటే పూలు ఆమె కొంగులోకి రాలాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే కాయ పట్టేదే.

"అవ్వా, ఊరంతటికీ అట్లనే రాసినాం. నీకేమన్నా అభ్యంతరముందా?"

ఓబులమ్మ కళ్ళు తెరిచింది. కొంగు ఖాళీగా ఉంది.

"ఉంది," అంది కోపంగా. "నేను విత్తకుండానే కంది మొలిపించినావు. చుక్క నీళ్ళు లేకుండానే పెంచినావు. అంత చేసినదానివి, మళ్ళీ ఎందుకమ్మా ఎండబెట్టినావు? పండిందని రాస్తే నీ సొమ్మేం పోయేది?"