చర్చివాడ వాల్వు

ఇనుప రాడ్డును గుంతలోకి దించి, వాల్వు తలకు తగిలించి, యేసయ్య రెండు చేతులా బలంగా తిప్పుతున్నాడు. మోకాళ్ళ కింద నేల తడిసి చల్లగా ఉంది. పొట్టి మనిషి. వాల్వులు తిప్పీ తిప్పీ భుజాలు మాత్రం ఒంటికి సరిపడనంత వెడల్పయ్యాయి. గొట్టంలో గాలి బుసకొట్టింది. నీళ్ళు పెద్ద బజారు వైపు ఉరికిన చప్పుడు విన్నాక లేచి నడుం పట్టుకుని నిలబడ్డాడు.

శామీర్‌పేట దాటి లోపలికి పోయే ఆ ఊళ్ళో నీళ్ళకు ఒక వరస ఉంది. ముందు దొరలూ పటేండ్లూ ఉండే పెద్ద బజారు, తర్వాత గొల్లల ఇండ్లు, చివర యేసయ్య ఉండే చర్చివాడ. ఓట్లదీ అదే వరస. పెద్ద బజారు ఎటంటే గొల్లలు అటు, గొల్లలు ఎటంటే చర్చివాడ అటు. రెండువేల ఒకటి సర్పంచి ఎన్నికల్లో ఆ వరస తెగింది. జోగారావు దొర తన మెట్ట చెలకను ప్లాట్లు చేసి, వాటికి బాట చర్చివాడ సమాధుల మీదుగా తీస్తానన్నాడు. ఆయన మీద గొల్లల ఎల్లయ్య నిలబడ్డాడు. గొల్లలు రెండుగా చీలారు. చర్చివాడ ఒక్కటై ఎల్లయ్యకు వేసింది. అయినా జోగారావే గెలిచాడు. నిన్న ఏ వాడ డబ్బాను ఆ వాడదిగా విప్పి లెక్కపెట్టారు. చర్చివాడ డబ్బాలో జోగారావుకు పడింది ఒకే ఒక్క ఓటు.

ఆ ఓటు యేసయ్యది.

ఎవరికీ చెప్పలేదు. మీసమైనా సరిగా రాని వయసులో ఈ రాడ్డు అతని చేతికిచ్చి, పంచాయతీ కొలువులో పెట్టింది జోగారావు తండ్రి. పరదా వెనక ముద్ర పట్టుకుని నిలబడినప్పుడు సమాధుల్లో ఉన్న తల్లి గుర్తొచ్చింది. ఆ పెద్ద దొరా గుర్తొచ్చాడు. చెయ్యి జోగారావు గుర్తు మీద పడింది.

పెద్ద బజారులో పద్మమ్మ రోజూ "ఇంకింత సేపుంచు యేసయ్యా" అని కేకేసేది. ఇవాళ తలుపు సందులోంచి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

గొల్లల వాల్వు దగ్గర ఉండగా జోగారావు మనిషి పర్వతాలు మోటారు సైకిలు ఆపాడు. దిగలేదు.

"యేసన్నా, చర్చివాడకు ఇయాల నీళ్ళు ఇడువకు. దొర జెప్పిండు."

"ఎన్నొద్దులు?"

"మల్ల జెప్పేదాంక."

యేసయ్య రాడ్డు భుజాన వేసుకుని నేరుగా జోగారావు ఇంటికి నడిచాడు. గెలిచిన దండలు అరుగు మీద కుప్పగా వాడిపోయి ఉన్నాయి. వాటి పక్కన కూర్చుని ఆయన గోళ్ళు తీసుకుంటున్నాడు.

"దొరా, నా ఓటు మీకే ఏసిన."

జోగారావు మెల్లగా నవ్వాడు. "పొద్దుగాల్నుంచి మీ వాడోళ్ళు నలుగురొచ్చిన్రు. పరమేశ్ గూడ వచ్చిండు. అందరు గదే మాట. డబ్బాల ఉన్నది ఒక్కటే గదా యేసయ్యా."

"ప్రభువు తోడు దొరా, నాదే."

"ఆళ్ళు గూడ ప్రభువు తోడనే అన్నరు."

యేసయ్య నేల చూపులు చూశాడు. "మరి నీళ్ళు?"

"నీ చేతుల పని. ఇడిసి జూడు." గోరు ముక్కను ఊది పారేశాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి జవహర్‌నగర్ చెత్తదిబ్బల వైపు నుంచి గాలి మళ్ళి చెత్తకంపు వాడంతా పరుచుకుంది. కాన్పుకు వచ్చిన కూతురు కెజియా పసిదాని గుడ్డలు బకెట్‌లో వేసి నీళ్ళ కోసం కూర్చుంది. చర్చి పెద్ద ఫిలిప్ గడపలో నిలబడి మాట్లాడుతున్నాడు.

"ఆ ఒక్కడు ఎవడో దొరకాలె యేసయ్యా. ఇగ దొరికినంక జూస్తం."

యేసయ్య తల ఊపాడు. ఫిలిప్ వెళ్ళాక భార్య ఎలీషమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"నువ్వెటేసినవయ్యా?"

"అందరేసిన దిక్కే."

కలిపిన ముద్దనే మళ్ళీ కలిపాడు. దొర మాట విని వాల్వు తిప్పకపోతే ఆ ఒక్కడు ఎవరో వాడకు తెలిసిపోతుంది. తిప్పితే దొరకు ఎదురు తిరిగినట్టే. పక్కన పసిది ఏడుస్తోంది. కెజియా ఎండిన కొళాయి వంకే చూస్తోంది. కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు.

చర్చివాడ వాల్వు పూర్తిగా తిప్పాడు. కొళాయిల్లో సన్నని ధార వచ్చి ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. దాన్ని నింపే బోరు దగ్గరికి పోతే మోటారుకు కరెంటు లేదు. కాస్త దూరంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకేసి ఉన్నాయి. కంచెకు పర్వతాలు మోటారు సైకిలు ఆనించి ఉంది. మనిషి కనిపించలేదు.

"పర్వతాలూ!" అని పిలిచాడు. తుమ్మచెట్ల వెనక ఒక పిట్ట లేచిపోయింది.

ఫ్యూజులు వేసుకోవడం అతనికి కొత్త కాదు. కరెంటు ఆపే హ్యాండిల్ కిందికి లాగాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని దిమ్మె ఎక్కాడు.

చప్పుడు వాడదాకా వినిపించింది. జనం ఉరికొచ్చేసరికి యేసయ్య దిమ్మె పక్కన ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. మోటారు సైకిలు లేదు. హ్యాండిల్ పైకెత్తి ఉంది. ఎలీషమ్మ దాన్నే చూస్తూ, "ఆయన అది దించకుంట ముట్టుకోడు. ఎన్నడు ముట్టుకోడు" అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది.

మరునాడు అతన్ని తల్లి పక్కనే పాతిపెట్టారు. బాట కోసం దొర మనుషులు పాతిన హద్దురాయి గుంతకు అడ్డమొస్తే పీకి పక్కన పడేశారు. ప్రార్థన అయ్యాక ఫిలిప్ గొంతు సవరించుకున్నాడు.

"మన నీళ్ళ కోసం, మన ఓటు కోసం పానమిచ్చిండు యేసయ్య. ఆ ఒక్కడు మాత్రం గీడనే ఉన్నడు. మన నడుమనే నిలవడ్డడు."

నిన్న పొద్దున దొర ఇంటికి పోయొస్తూ వాడ కంట పడ్డ పరమేశ్ తల వంచుకున్నాడు. ఒక్కొక్కరి చూపే వచ్చి అతని మీద ఆగింది. మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు నెమ్మదిగా అతని వైపు జరిగారు. ఎలీషమ్మ కూడా అతన్నే చూస్తూ, కొంగు బిగించి లేచి నిలబడింది.

అక్కడ యేసయ్య ఇంటి ముందు, కొళాయి కింద, నీలం ప్లాస్టిక్ బిందె నిన్న పెట్టినట్టే ఉంది. అడుగున దోసెడు నీళ్ళు.