నసీమున్నీసా ఏకిన టాబ్లెట్

పొద్దున్నే టీ తాగి నసీమున్నీసా వసారాలో చాప వేసుకుని కూర్చునేది. ముందురోజు ఎవరో తెచ్చి పడేసిన పాత పరుపు కుట్లు విప్పి, లోపల అట్టకట్టిన దూదిని ముద్దలుగా బయటికి లాగేది. ఒక్కో ముద్దనీ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో విడదీస్తూ వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పేది. మధ్యాహ్నానికి ఆమె చుట్టూ నడుము దాకా తెల్లటి దూది లేచేది.

ప్రత్తిపాడులో దూది ఏకే మిషన్లు వచ్చి చాలా కాలమైంది. అయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. మిషన్ దూదిని పొంగిస్తుంది గానీ దాని వయసు తియ్యలేదు కదా. నసీమున్నీసా చేతిలో పడిన దూది అప్పుడే చేలో పగిలిన కాయలోంచి తీసినట్టు వచ్చేది. దాంట్లోంచి తీసిన ఏళ్ళు ఆమె ఒంట్లోకి పోయేవి. దూది ఏళ్ళు తేలిక. పదేళ్ళ పరుపు ఏకితే తలలో ఒక వెంట్రుక నెరిసేది, అంతే. నలభై అయిదేళ్ళ మనిషి అరవై దాటినదానిలా కనపడేది గానీ చేతిలో, నోట్లో చురుకు తగ్గలేదు. ఊళ్ళోవాళ్ళు కూడా మర్యాద తెలిసినవాళ్ళు. దూది తప్ప ఇంకేదీ ఆమె ముందుకు తెచ్చేవాళ్ళు కాదు. ఎదురింటి కోటేష్ మోపెడ్ మూలనపడ్డప్పుడు కూడా దూది కుక్కిన సీటొక్కటే ఊడదీసి తెచ్చాడు. తర్వాత సీటు షోరూములోంచి వచ్చినట్టు, బండి పాతసామాను కొట్లోంచి వచ్చినట్టు ఉండేది. దానిమీదే తిరిగేవాడు.

పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే నసీమున్నీసా అన్న బుడాన్ ఇంటికి వచ్చేసింది. బుడాన్ చీమకుర్తి గ్రానైట్ లారీ నడుపుతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. అతని భార్య సాజిదా మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. అందుకని వాళ్ళ ఒక్క కూతురు మెహర్ మేనత్త చేతిలోనే పెరిగింది. పాకింది ఆ దూదిలోనే. ఇప్పుడు నర్సింగ్ చదువు పూర్తిచేసి, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి పరీక్ష రాయబోతోంది. కోచింగ్ అంతా ఒక యాప్‌లో. ఆ యాప్ ఉన్నది కరోనా ఏడు ఆన్‌లైన్ క్లాసుల కోసం బుడాన్ కొన్న టాబ్లెట్‌లో. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్మార్ట్‌ఫోన్ అతనితోపాటు లారీలో తిరుగుతుంది.

కొట్లో ఉన్నవాటిలోకెల్లా చవకైన టాబ్లెట్ అది. మొదటి రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత అప్‌డేట్లు రావడం మానేశాయి. పాఠం తెరిస్తే తెరమీద చక్రం తిరుగుతూ ఉండేది. మెహర్ ఈలోపు అన్నం వార్చి, గిన్నెలు కడిగి వచ్చి కూర్చునేది. పరీక్ష ఇంకా మూడు నెలలుందనగా ఒకరోజు చక్రం కూడా తిరగలేదు. ఈ టాబ్లెట్‌లో ఇకమీదట యాప్ పనిచెయ్యదని రెండు వరుసల మాట మాత్రం వచ్చింది.

బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే నజీర్ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, కాసేపు సెట్టింగుల్లో వెతికి బల్లమీద పెట్టాడు.

"ఇది కొన్ననాడే పాతదమ్మా. పైన అద్దం కొత్తది, లోపల ప్రాసెసర్ అంతకు నాలుగేళ్ళ ముందుది. చవగ్గా అమ్మేవాటిలో అలాంటివే పెడతారు. కంపెనీ రెండేళ్ళు అప్‌డేట్లిచ్చి చేతులు దులుపుకుంది."

"పాడైపోయినట్టేనా అన్నా?"

"పాడవలేదు, అదే గోల. వీడియోలు చూసుకోవచ్చు. దింపుకున్న పుస్తకాలు ఇంకో మూడు నాలుగేళ్ళు చదువుకోవచ్చు. బ్యాంకు యాప్‌లు మాత్రం పెట్టుకోకు, భద్రం కాదు. మీ కోచింగ్ యాప్ కొత్త వెర్షన్ అడుగుతోంది. ఆ వెర్షన్ దీనికి ఎప్పటికీ రాదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఇంకోటి కొనుక్కోవాలి."

మెహర్ టాబ్లెట్‌ని చేతిలోకి తీసుకుంది. ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. తల్లికి పని దొరికే రోజులు తగ్గాయి. తండ్రిని అడిగితే కాదనడు, ఎక్కడో చేబదులు తెస్తాడు. అందుకే అడగలేకపోయింది. నజీర్ ఆమె మొహం చూశాడు.

"మీ అత్త ఒళ్ళో పెట్టే ఆలోచనుంటే మానుకో. దూదికి పదేళ్ళు ఓ లెక్క కాదు. వీటికి రెండేళ్ళకే ముసలితనం వస్తుంది. ఆ ముసలితనం మనిషి మోస్తే ఏమవుతుందో నాకు తెలీదు."

"ఛ, అలాంటిదేం లేదన్నా," అంది మెహర్. ఆ మాట అన్నప్పుడు నిజంగానే ఆ ఆలోచన లేదు. నడిచి ఇల్లు చేరేలోపు వచ్చింది.

నసీమున్నీసా దిండు కుట్టడం ముగించి దారం కొరుకుతోంది. మెహర్ పక్కన కూర్చుని టాబ్లెట్ చూపించింది.

"ఎన్నేళ్ళే దీనికి?"

"అయిదేళ్ళు, అత్తా."

"అంతేనా. అయిదేళ్ళంటే దిండుకి కూడా చాలవు. దీనికోసమా మొహం అంత ముడుచుకున్నావ్? ఇటియ్యి."

కొంగుతో అద్దం తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. దూది విడదీసినట్టే దానిమీద వేళ్ళు ఆడించింది. అద్దం మీంచి బూడిదరంగు నూగు లేచి, ఆమె మణికట్లు దాటి, మోచేతుల దాకా పాకి, చర్మంలోకి ఇంకిపోయింది. మామూలుగా అయితే అంతటితో అయిపోవాలి. నూగు ఇంకా లేస్తూనే ఉంది. నసీమున్నీసా చేతులు కొంచెం నెమ్మదించాయి. ఆపు అత్తా అంటే సరిపోయేది. ఆ మాట మెహర్ నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడే తెర వెలిగి యాప్ టక్కున తెరుచుకుంది. ఆ మాట లోపలికే పోయింది.

మర్నాడు పొద్దున సాజిదా "టీ తాగుతావా నసీమా?" అని అడిగింది. జవాబు లేదు. నిద్ర సరిగా పట్టలేదేమో అనుకుని ఆమె గిన్నెలు తోముకుని, జడేసుకుని, పనికి బయల్దేరుతుంటే అప్పుడు నసీమున్నీసా "తాగుతాను వదినా" అంది.

ఆ రోజు నుంచి అంతే. ఏ మాటైనా ఆమె లోపలికి చేరి, అక్కడ తిరిగి తిరిగి, ఎప్పటికో జవాబై వచ్చేది. వసారాలో నలుగురూ నవ్వుకుని లేచి వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే కూర్చుని నవ్వేది. దూది ముద్ద ఒళ్ళో పెట్టుకుని ఎందుకు పెట్టుకుందో మర్చిపోయేది. ఎక్కువసేపు మాట్లాడిస్తే నుదురు వేడెక్కేది. పరుపు తెచ్చిన వెంకయ్య చూసి, "నసీమా ఏదో బాగా పాతది పట్టుకున్నట్టుంది" అన్నాడు. తొందరేం లేదని పరుపు వసారాలో ఓ మూల పెట్టి వెళ్ళాడు.

"ఎవరు తెచ్చారో అంత పాతది," అంది సాజిదా ఆడబిడ్డకి అన్నం కలిపి పెడుతూ. "ముందే చెప్పొచ్చుగా. ఏం మనుషులో."

మెహర్ తలెత్తలేదు. మాక్ టెస్టులో తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది.

టాబ్లెట్ గాలిలా నడిచేది. వేలు పెట్టకముందే పేజీ తెరుచుకునేది. మెహర్ ర్యాంకు వారం వారం పైకి పోయింది. అత్త అటుగా వస్తే టాబ్లెట్‌ని బోర్లించేది. సాయంత్రాలు అత్త కాళ్ళకి నూనె రాసి పిసికేది. నసీమున్నీసా కళ్ళు మూసుకుని ఊరుకునేది. చాలాసేపటికి, మెహర్ వంటింట్లో కూర్చుని అన్నం తింటుంటే వసారాలోంచి మాట వచ్చేది: "ఇక చాల్లే తల్లీ, నీ చేతులు నొప్పెడతాయి." మెహర్ చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేసేది. రేపు చెప్పేద్దాం అనుకునేది. రేపొచ్చాక, పరీక్ష అయ్యాక చెబితే ఏం పోయింది, ఇప్పుడు చెప్పినా ఆమె ఏళ్ళు వెనక్కి పోవుగా అనుకునేది.

పరీక్ష రోజు సాజిదా ఉప్మా చేసిపెట్టి పనికి వెళ్ళింది. పరీక్ష గుంటూరులో. తొమ్మిది దాటితే గేటు మూసేస్తారు. మెహర్ హాల్ టికెట్ సంచీలో పెట్టుకుని, అత్తకి చెప్పి వెళ్దామని వసారాలోకి వచ్చి వంగింది. నసీమున్నీసా చెయ్యి నెమ్మదిగా లేచింది. ఆ చెయ్యి తన తలమీదకి చేరడానికి ఎంతసేపు పట్టిందో మెహర్ వంగి నిలబడే చూసింది. ఇక అలా వెళ్ళలేకపోయింది. పక్కన కూలబడింది.

"అత్తా, నీకొకటి చెప్పాలి. ఆ టాబ్లెట్ ఏళ్ళు దూది ఏళ్ళలాంటివి కాదు. అయిదేళ్ళే అని నీకు చెప్పాను గానీ, నీకేదో అవుతుందని నాకు ముందే తెలుసు. నజీర్ అన్న వద్దని చెప్పాడు. తెలిసే నీ చేతికిచ్చాను."

నసీమున్నీసా మొహంలో ఏమీ మారలేదు. మాట ఇంకా లోపలికి చేరలేదు.

వీధి చివర గుంటూరు బస్సు ఆగి హారన్ కొట్టింది. కండక్టరు గుంటూరు, గుంటూరు అని పిలవడం వినపడుతోంది. మెహర్ లేచి పరిగెత్తితే అందుతుంది. అత్తకి ఆ మాట మధ్యాహ్నానికి గానీ తెలియదు. అప్పటికి తను హాల్లో ఉంటుంది. చెప్పినట్టూ ఉంటుంది, వినాల్సింది తప్పించుకున్నట్టూ ఉంటుంది. మెహర్ సంచీ పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుకుని అక్కడే కూర్చుంది. బస్సు మళ్ళీ హారన్ కొట్టి, కదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి బస్సు ఎక్కితే గేటు మూసేలోపు చేరడం కుదరదు.

ఎండ వసారా మెట్టు ఎక్కింది. నసీమున్నీసా కళ్ళు మెల్లగా మేనకోడలి వైపు తిరిగాయి. వాటిలో కోపం నిండటం మెహర్ చూసింది. మెల్లగా నిండింది కాబట్టి మొత్తం చూడాల్సొచ్చింది.

"ఈ సంగతి చెప్పి నన్నడిగుంటే కాదనేదాన్ని," అంది నసీమున్నీసా. "అది నీకు తెలుసు. అందుకే అడగలేదు."

"అవునత్తా."

ఎండ మెట్టు దాటి చాప మీదకి వచ్చింది. కోటేష్ మోపెడ్ మీద పోతూ, పరీక్షకి పోలేదా అన్నట్టు చూసి, ఆగకుండా వెళ్ళాడు.

"సర్లే, లే. బస్సొచ్చినట్టుంది," అంది నసీమున్నీసా. "హారన్ వినపడుతోంది. పరిగెత్తు."

వీధి ఖాళీగా ఉంది.

"వెళ్తానత్తా," అంది మెహర్. కదల్లేదు.

సాయంత్రం సంగతి తెలిసి సాజిదా కూతుర్ని ఒక్క మాటా అనలేదు. కొన్నాళ్ళపాటు ఏ మాటా అనలేదు. ఆదివారం ఇంటికొచ్చిన బుడాన్, చెల్లెలి పక్కన కూర్చుని అన్నం తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని, "నన్నడగాల్సింది" అని మాత్రం అన్నాడు. మెహర్ టాబ్లెట్‌ని నజీర్‌కి ఇచ్చేసింది. అతను దాన్ని అమ్మడానికి ఒప్పుకోలేదు, కొట్లో ఓ మేకుకి వేలాడదీశాడు. కంపెనీ ఇంకా విడుదల చెయ్యని అప్‌డేట్లు కూడా దానికి వస్తుంటాయని చెబుతాడు.

వసారాలో పరుపులు పేరుకుపోయాయి. ఎవరూ అడగలేదు గానీ ఎవరి పరుపు వాళ్ళకి కావాలి. మెహర్ ఒకరోజు వెంకయ్య పరుపు విప్పి, అత్తని చూసి నేర్చుకున్నట్టే దూది విడదీసింది. ఆమె వేళ్ళ కింద దూది తెల్లగా, కొత్తగా పొంగింది. మర్నాడు తల దువ్వుతూ సాజిదా కూతురి పాపిట పక్కన ఒక తెల్ల వెంట్రుక చూసింది. అది కనపడకుండా పాపిట అటు తిప్పి తీసింది.

అత్త చేతిలో ఉన్నది తన చేతికీ వచ్చిందని తెలిశాక మెహర్ ఒక సాయంత్రం అత్త దగ్గర కూర్చుని అడిగింది.

"అత్తా, ఆ టాబ్లెట్ ఏళ్ళు నాకిచ్చేస్తావా?"

జవాబు మర్నాడు పొద్దున వచ్చింది. "వద్దు. పరీక్ష మళ్ళీ పెడతారు. దాన్ని టైములోపు రాసెయ్యాలి. నాలాగా నువ్వూ మెల్లగైపోతే ఎలా రాస్తావు?"

"రాయలేనేమో."

"అందుకే వద్దంటున్నా," అంది నసీమున్నీసా మధ్యాహ్నానికి.

మెహర్ మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దంది. అత్త నిద్రపోతున్నప్పుడు ఆమె చెయ్యి మంచం అంచున వేలాడుతూ ఉండేది. దానిమీద ఒక్కసారి వేళ్ళు ఆడిస్తే చాలు. మెహర్ తన మంచాన్ని అవతలి గోడ వారకి జరుపుకుంది. తెల్లారాక మళ్ళీ అడిగేది.

మిరప కోతలు మొదలయ్యాయి. ఊరంతా ఘాటు. సాజిదాకి మళ్ళీ రోజూ పని దొరుకుతోంది. ఒక సాయంత్రం మెహర్ దిండు కుడుతుంటే నసీమున్నీసా చాప మీద నెమ్మదిగా జరిగి వచ్చి, మేనకోడలి ఒళ్ళో తన చెయ్యి తనే పెట్టింది.

"ఒక్క ఏడు తీసుకో," అంది. "అడిగావు గనక. మళ్ళీ ఏడు చూద్దాం."

మెహర్ సూది పక్కన గుచ్చి, అత్త వేళ్ళని ఒక్కొక్కటీ విడదీసింది. బూడిదరంగు నూగు లేచి ఆమె మణికట్లలోకి ఇంకింది. వీధిలో శబ్దాలు దూరంగా జరిగినట్టనిపించింది. మెహర్ చెయ్యి ఆపి అత్త మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

పనినుంచి వచ్చిన సాజిదా గేటు బయట నిలబడి, "మెహర్, గేటు తియ్యవే, చేతుల్లో సామానుంది" అని పిలిచింది.

"వస్తోంది వదినా, ఉండు," అంది నసీమున్నీసా వెంటనే.

సాజిదా గేటు అవతల అలాగే నిలబడిపోయింది. నసీమున్నీసా మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, చెప్పులేసుకుని వెళ్ళి గేటు తీసింది. వదిన చేతిలో సంచీ అందుకుంది. ఇద్దరూ వసారా మెట్టు దగ్గరికి వచ్చేసరికి అమ్మ పిలుస్తున్నట్టు మెహర్‌కి వినపడింది.

"వస్తున్నానమ్మా," అని లేచింది.